128 దాటిన బైటు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నోటు పుస్తకాలు తెరిచి కూర్చున్న విద్యార్థులకు కూడా. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఎనిమిది ప్రాథమిక టైపుల గురించి, అంటే విలువల రకాల గురించి చెప్పమన్నారు. ఏడింటి సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఉన్న సమయమంతా ఎనిమిది బిట్ల బైట్‌కే ఇస్తాను. తెలుగులో రాసిన ప్రతి ఫైలూ దాని దగ్గర దెబ్బ తినే ప్రమాదం ఉంది కాబట్టి.

‘అ’ అనే అక్షరం తీసుకోండి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు: 224, 176, 133. వాటిని జావా బైట్ అరేలో, అంటే బైట్ల వరుసలో పెట్టి ప్రింట్ చేయండి. -32, -80, -123 అని వస్తాయి. ఫైలేమీ పాడవలేదు, ఒక్క బిట్టూ మారలేదు. 133 అంటే 10000101. ఎడమ చివరి బిట్టు 1 అయితే జావా దాన్ని ఋణ సంఖ్యగా చదువుతుంది. 133 లోంచి 256 తీసేస్తే -123. జావా బైట్ హద్దులు -128 నుంచి 127. సీ షార్ప్‌లోనూ గోలోనూ బైట్ అంటే 0 నుంచి 255. పేరు ఒకటే, అర్థం వేరు. ఒక భాషలోని కోడ్‌ను మరో భాషలోకి మార్చేవాళ్లు ఇక్కడే జారతారు.

ఇంగ్లిషు అక్షరం ఒక్క బైటులో సరిపోతుంది, 127 దాటదు. తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా మూడేసి బైట్లు, మూడూ 127కి పైనే. అంటే మన రాత మొత్తం బైటు విలువల పై సగంలోనే, 128 నుంచి 255 మధ్యే ఉంది. ఇంగ్లిషులో ‘హలో’ అని టైపు చేసి, సరిగ్గా వచ్చిందని ప్రోగ్రామ్‌ను వదిలేస్తే పై సగాన్ని అసలు ముట్టుకోనట్టే. దయచేసి ఇది రాసుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

తప్పు ఎలా పుడుతుందో చూద్దాం. బైట్‌ను కూడినా, షిఫ్ట్ చేసినా జావా ముందు దాన్ని ఇంట్‌గా, అంటే 32 బిట్ల పూర్ణాంకంగా మారుస్తుంది. సైన్ బిట్టు, అంటే ఆ ఎడమ చివరి బిట్టు 1 అయితే కొత్తగా చేరిన 24 బిట్లూ 1లతో నిండిపోతాయి. రెండు బైట్లను కలిపి ఒక సంఖ్య చేయాలనుకోండి: మొదటిదాన్ని ఎనిమిది స్థానాలు ఎడమకు జరిపి రెండోదానితో ఆర్ చేస్తాం, అంటే రెండిట్లో ఎక్కడ 1 ఉన్నా ఫలితంలో 1 పెడతాం. 18, 52 ఇస్తే 4660 వస్తుంది, సరైనదే. 18, 133 ఇస్తే 4741 రావాలి. వచ్చేది -123! రెండో బైటు ముందు నిండిన 1లు ఆ 18ని పూర్తిగా కప్పేశాయి. మొదటి జతతో మాత్రమే పరీక్షించినవాడికి ఈ తప్పు కనపడే దారే లేదు.

మందు చిన్నదే. ప్రతి బైటునూ వాడే ముందు 255తో అండ్ చేయాలి, అంటే రెండిట్లోనూ 1 ఉన్నచోటే 1 మిగలాలి. దీన్నే మాస్కు అంటాం: (ఏ & 255) << 8 | (బి & 255). పైన నిండిన 24 బిట్లూ సున్నాలైపోతాయి. ఆ బ్రాకెట్లు తీసేయకండి. అండ్ కంటే షిఫ్ట్‌కు ప్రాధాన్యం ఎక్కువ, బ్రాకెట్ లేకపోతే బైటుకు బదులు 255 జరుగుతుంది. నాలుగు బైట్లు కలిపేటప్పుడు మొదటిది 127 దాటితే ఇంటే ఋణమవుతుంది, అక్కడ 255 పక్కన ఎల్ చేర్చి 64 బిట్ల లాంగ్‌లోకి మార్చుకోవాలి. మాస్కు రాయడం మరిచిపోతామనుకునేవాళ్లకు జావా 8 నుంచి బైట్ క్లాసులో టు అన్‌సైన్డ్ ఇంట్ అనే మెథడ్ ఉంది. పని అదే, చదివేవాడికి ఉద్దేశం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

‘కుడికి జరిపి ఎడమన సున్నాలు నింపే మూడు బాణాల షిఫ్ట్ వాడితే సైన్ గొడవ ఉండదు కదా’ అనే వాదన చాలాచోట్ల వినిపిస్తుంది. అది తప్పు. షిఫ్ట్‌కు ముందే ఇంట్‌గా మారడం జరిగిపోతుంది. 240 ఉన్న బైటును >>> 4 చేస్తే 15 రాదు, 268435455 వస్తుంది. ముందు మాస్కు, తర్వాతే షిఫ్ట్.

ఫైలు చదివేచోట ఇంకో చిక్కు. ఇన్‌పుట్ స్ట్రీమ్‌లోని రీడ్ మెథడ్ ఇచ్చేది బైట్ కాదు, ఇంట్. 0 నుంచి 255 వరకు డేటా, అయిపోతే -1. ఆ తేడా నిలుపుకోవడానికే దాన్ని ఇంట్‌గా పెట్టారు. చదివిన వెంటనే బైట్‌లోకి కుదించి, ఆ తర్వాత -1తో పోల్చారో, 255 కూడా -1 అయిపోతుంది. జేపెగ్ బొమ్మ మొదటి బైటే 255. లూపు అక్కడే ఆగుతుంది, ఫైలు ఖాళీ అనిపిస్తుంది. యూటీఎఫ్-8లో 255 అనే బైటు ఎప్పుడూ రాదు కనుక, ఈ తప్పును తెలుగు పాఠం కూడా పట్టివ్వదు. సీ భాషలోనూ ఒక్కో అక్షరం చదివే గెట్‌కార్ ఫలితాన్ని ఒక్క బైటు కార్ టైపులో పెడితే ఇదే గతి. పైగా అక్కడ కార్‌కు సైన్ ఉందో లేదో తేల్చేది కంపైలర్. ఉంటే లూపు ముందే ఆగుతుంది, లేకపోతే ఎప్పటికీ ఆగదు. ఒకే వాక్యం, రెండు యంత్రాల మీద రెండు ఎదురు తప్పులు!

బొమ్మల పని చేసేవాళ్లకు ఒక మాట. 250 ఉన్న పిక్సెల్‌కు 10 కలిపి ఒక్క బైటులో పెడితే 4 అవుతుంది, తెల్లగా ఉండాల్సినచోట నల్ల మచ్చ పడుతుంది. కూడిక ఇంట్‌లో చేయండి, 255 దగ్గర ఆపండి, ఆ తర్వాతే బైటుగా మార్చండి.

మళ్లీ మొదటి మాటకు వస్తున్నాను. పై సగాన్ని పరీక్షించండి. మీ టెస్టుల్లో 0, 127, 128, 255 తప్పక ఉండాలి. ఒక తెలుగు వాక్యమూ ఉండాలి. నిజానికి బైటుకున్న విలువలే 256, అన్నిటినీ ఒక లూపులో రాసి, తిరిగి చదివి, సరిపోయాయో లేదో చూడొచ్చు. క్షణం కూడా పట్టదు. ఆ లూపు కౌంటరు మాత్రం ఇంట్‌గానే ఉండాలి. జావాలో దాన్ని బైట్‌గా పెడితే 127 తర్వాత -128కి పోతుంది, సీలో అన్‌సైన్డ్ కార్‌గా పెడితే 255 తర్వాత 0కి వస్తుంది. రెండుచోట్లా 256 రాదు, లూపు ఆగదు.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తెరవండి. ఆ 18, 133 జతను ఇప్పుడే, నా ముందే, మాస్కు లేకుండా ఒకసారి, మాస్కుతో ఒకసారి నడిపి చూడండి.