హాంప్టన్ కోర్టు చెక్క తెర మీద ఆన్ బోలిన్ అక్షరం

నమస్కారం అండి. ఈ రోజు లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కి హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌కు వచ్చాం. నన్ను ఇక్కడికి రప్పించింది 2015లో బీబీసీలో వచ్చిన వుల్ఫ్ హాల్ సీరియల్. పట్నీలో కమ్మరి ఇంట పుట్టి, ఈ ప్యాలెస్‌లో ఉన్న ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి కుడిభుజమైన థామస్ క్రామ్‌వెల్ కథ అది. రాత్రి సన్నివేశాలను కొవ్వొత్తుల వెలుగులో తీశారు. క్రామ్‌వెల్‌గా మార్క్ రైలాన్స్ ఆ మసక వెలుతురులో పెదవి విప్పకుండా నిలబడితే చాలు, మన మనసు ఆయన పక్షం చేరిపోతుంది. నాదీ చేరింది.

తర్వాత ఆ కాలపు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. మనసు కుదుట పడలేదు.

1536 మే 2న హెన్రీ రెండో భార్య, రాణి ఆన్ బోలిన్‌ను అరెస్టు చేశారు. సొంత సోదరుడితో సహా అయిదుగురితో సంబంధం అంటగట్టారు. 15న విచారణ, తీర్పు చెప్పింది మేనమామ. 19న తల తీశారు. ఆ నేరారోపణ పత్రంలో ఫలానా రోజు, ఫలానా చోట అని తేదీలతో సహా రాశారు. వాటిలో చాలా తేదీల్లో ఆమెగానీ, ఆ మగవాడుగానీ అసలు ఆ చోట లేరని చరిత్రకారులు తేల్చారు. ఒక మనిషి ప్రాణం తీసే కాగితం, కనీసం తేదీలైనా సరిచూడలేదు! ఆ కేసును నడిపించింది మన క్రామ్‌వెలే. అది చదివాక సీరియల్ మళ్లీ చూస్తే, ఆ మౌనం నాకు భయం పుట్టించింది.

ఇప్పుడు గ్రేట్ హాల్లో ఉన్నాం. అందరూ గోడల మీది బంగారు జరీ తెరలను చూస్తున్నారు, చూడాల్సినవే. మీరు మాత్రం ఈ చెక్క తెర వైపు రండి. హెచ్, ఏ అక్షరాలు పెనవేసుకుని ఉన్నాయి, కనిపిస్తున్నాయా? హెన్రీ, ఆన్. ఆమె పోయిన పదకొండు రోజులకే రాజు జేన్ సీమూర్‌ను పెళ్లాడాడు. ఆన్ గుర్తులన్నీ తీయించేశాడు. ఇది వడ్రంగుల కన్నుగప్పి మిగిలింది. నాకు ఎంత సంతోషం వేసిందో!

క్రామ్‌వెల్ సంగతీ చెప్పాలి. 1540లో ఆయన్నూ టవర్ ఆఫ్ లండన్ కోటలో ఖైదు చేశారు. దయ, దయ, దయ అంటూ రాజుకు ఉత్తరం రాశాడు. జూలై 28న ఆయన తల తెగింది, అదే రోజు రాజుకు అయిదో పెళ్లి. ఆన్‌కు పేరుకైనా విచారణ దక్కింది, ఆయనకు అదీ లేదు. విచారణ లేకుండా పార్లమెంటు చట్టంతోనే శిక్ష వేసే ఆ పద్ధతిని ఇతరుల మీద వాడినవాడు ఆయనే. జాలి కలిగింది, కాదనను. కానీ నా ఓటు ఆన్‌కే.

వచ్చే వారం టవర్ ఆఫ్ లండన్‌కు వెళ్తున్నాం. ఆమెను ఖననం చేసిన చర్చి అక్కడే ఉంది.