పాడ్‌కాస్ట్: పలక మీద ఎవరి పేరు ముందు?

మాస్టారు: శ్రోతలందరికీ నమస్కారం. పోయిన భాగంలో లాకుల దగ్గర పడవ ఎందుకు ఆగిపోయిందో చెప్పకుండానే ముగించామని చాలామంది రాశారు. ఆ పడవను ఈ వారం కూడా అక్కడే ఉండనివ్వండి. ఇవాళ్టి విషయం మనకు వచ్చిన ఒక ఉత్తరం. డెల్టాలోని ఒక పట్టణంలో, కాలువను ఆనుకుని ఉన్న పార్కు బాగోగులు చూసే పెద్దలు రాశారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి, గతించిన తమ వారి పేరున పార్కులో చెట్లు నాటిస్తామని చాలా కుటుంబాలు ముందుకు వచ్చాయట. మొక్కలకు డబ్బు సమకూరింది, గుంతలు తవ్వే చోట్లు కూడా గుర్తించారు. ఒక్కో చెట్టు దగ్గర పెట్టబోయే పేరు పలక విషయంలోనే వారికి ఏకాభిప్రాయం కుదరడం లేదు.

అమ్మాయి: వారు అడిగినవి మొత్తం నాలుగండీ. పలక దేనితో చేయించాలి, ఎంత ఉండాలి, ఎక్కడ పెట్టాలి, దాని మీద ఏమి రాయాలి. మొదటి మూడూ త్వరగా చెప్పేసుకుని నాలుగోదాని దగ్గర కూర్చుందాం, మాస్టారూ. అసలు తగువంతా అక్కడే ఉన్నట్టు ఉత్తరం చదివితే తెలుస్తోంది.

మాస్టారు: అలాగే. ఫ్లెక్సీ వద్దు; రెండు ఎండాకాలాలకు ముఖాలు తెల్లబోయి, మూడో వానకు చిరుగుతుంది. ఇత్తడి చేయిస్తే అది ఎన్నాళ్ళు అక్కడ ఉంటుందో చెప్పలేము. ఇనుము మన గాలిలోని తేమకే తుప్పు పడుతుంది, సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి ఇంకా త్వరగా పోతుంది. గ్రానైటు మీద చెక్కించడమో, స్టెయిన్‌లెస్ స్టీలు మీద అక్షరాలు తొలిపించడమో మంచిది. మన నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది కాబట్టి రాయిని ఊరికే మట్టిలో గుచ్చితే ఏడాదికల్లా ఒరిగిపోతుంది. కింద కాస్త కాంక్రీటు దిమ్మ ఉండాలి, ఆ దిమ్మ వేర్లకు దూరంగా ఉండాలి. పరిమాణం రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంతో అంత చాలు. ఇక చోటు సంగతి. దయచేసి చెట్టుకు మేకు కొట్టవద్దు.

అమ్మాయి: ఆ మాట వస్తుందని శ్రోతలందరికీ తెలుసు, మాస్టారూ.

మాస్టారు: తెలిసినా కొడుతూనే ఉన్నారు కనుక మళ్ళీ చెబుతాను. చెట్టు కొమ్మల కొసల దగ్గర మాత్రమే పైకి పెరుగుతుంది, మొదలు లావెక్కుతుందే తప్ప పైకి సాగదు. ఈ రోజు ఐదడుగుల ఎత్తున కొట్టిన మేకు యాభై ఏళ్ళకు కూడా ఐదడుగుల ఎత్తునే ఉంటుంది. మాను మాత్రం బెరడు కిందనున్న పలుచని పొర నుంచి ఏటేటా లావెక్కుతూ ఆ మేకునూ పలకనూ కలిపి మింగుతుంది. మేకు వద్దని తీగ చుట్టేవారూ ఉన్నారు. మాను లావెక్కిన కొద్దీ ఆ తీగ బిగుసుకుని బెరడును కోస్తుంది. ఆకులు తయారు చేసిన ఆహారం ఆ బెరడు గుండానే వేళ్ళకు దిగాలి. నేను రోజూ నడిచే దారిలో ఒక వేప ఉంది. దానికి ఎప్పుడో కొట్టిన రేకు పలక నాలుగు అంచులూ బెరడులోకి వెళ్ళిపోయి, మధ్యలో అరచేయంత మేర మాత్రమే మిగిలింది. ఆ మిగిలిన మేరలో 'జ్ఞాపకా' అన్నంత వరకే చదవగలం. ఎవరి జ్ఞాపకమో ఆ వేపకే తెలియాలి.

అమ్మాయి: కాబట్టి పలక నేల మీద, మానుకు దూరంగా, గడ్డి కోసేవారి కత్తికి తగలని ఎత్తులో, బాట మీద నిలబడి చదవగలిగేటట్టు ఉండాలి. మూడు ప్రశ్నలూ అయిపోయాయి. ఇప్పుడు పాఠం. వారు నమూనాగా పంపిన దానిలో పైన ఫోటో ఉంది, దాని కింద కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం అని ఉంది, ఆ కింద జనన మరణ తేదీలు, తరవాత కుమారులు, కోడళ్ళు, కుమార్తెలు, అల్లుళ్ళు, మనుమలు, మనుమరాళ్ళు అందరి పేర్లూ ఉన్నాయి. మొత్తం పదిహేడు పేర్లు.

మాస్టారు: పదిహేడు పేర్లలో చెట్టు పేరు ఏదమ్మా?

అమ్మాయి: లేదు.

మాస్టారు: అదే నా బాధ. ఒక పిల్లవాడు బడి నుంచి వస్తూ ఆ పలక దగ్గర ఆగితే, ఎదురుగా ఉన్నది పొగడా, పొన్నా, కానుగా, ఏడాకుల పాలా అన్నది వాడికి తెలియదు. పలకలో మొదటి వరుస చెట్టుకు దక్కాలి. అందులోనూ మన ఊళ్ళో పిలిచే పేరే ముందు ఉండాలి. శాస్త్రీయ నామం కింద చిన్నగా ఉండవచ్చు, అది అవసరం కూడా. ఎందుకంటే మన వీధుల్లో బాదం అని పిలిచే గొడుగులాంటి చెట్టు, కొట్లో కొనే బాదం పప్పు కాసే చెట్టు వేరువేరు.

అమ్మాయి: నేను ఒప్పుకోను, మాస్టారూ. చెట్టు పేరు ఉండాలంటే ఉంచుదాం. కానీ ఆ కుటుంబం అక్కడికి వచ్చేది వృక్షశాస్త్రం నేర్చుకోవడానికి కాదు. తల్లి పోయిన మనిషి తల్లి పేరు కోసం వెతుక్కుంటూ వస్తాడు. ఆ పేరు రెండో వరుసలో చిన్న అక్షరాలతో ఉంటే అతనికి ఎలా ఉంటుంది?

మాస్టారు: కుమారదేవం దగ్గర గోదావరి గట్టు మీదున్న నిద్రగన్నేరును గుర్తు చేసుకో. అది 2024 ఆగస్టులో, వరదకు గట్టు కోసుకుపోయి కూలిపోయింది. సినిమా చెట్టు అంటే రెండు జిల్లాల వాళ్ళూ దారి చూపించేవారు. దానికి ఎవరైనా పలక పెట్టారా? జనమే పేరు పెట్టారు.

అమ్మాయి: అది ఎన్నో తరాలు నిలబడిన మహావృక్షం, ఎన్ని సినిమాల్లో కనిపించిందో లెక్కలేదు. కడియం నర్సరీ నుంచి మట్టిగడ్డతో వచ్చిన మొక్కకు ఆ భాగ్యం ఎక్కడిది? దాన్ని పీకేయకుండా ఆపేది ఆ పలక ఒక్కటే. ఒక మనిషి పేరు ఉంది కనుక, దాని మీద చెత్త పోసేవాడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు. మా ఇంటి సంగతే చెబుతాను. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో మనందరికీ తెలుసు. తెల్లవారి మా నాయనమ్మ దొడ్లోకి వెళ్ళి పడినవి ఎన్ని అని లెక్కపెట్టలేదు. చిన్నాన్న పుట్టినప్పటిది, అత్తయ్య పెళ్ళినాటిది, తాతయ్య బావి తవ్వించిన ఏటిది అని ఒక్కొక్క మొదలు దగ్గర ఆగి చెప్పుకుంటూ వెళ్ళింది.

మాస్టారు: చూశావా, ఆమెకు పలక అవసరం లేకపోయింది.

అమ్మాయి: ఆమె బతికి ఉన్నంత వరకు అవసరం లేకపోయింది. ఇప్పుడు నిలిచిన రెండు చెట్లలో ఏది ఎవరిదో చెప్పగలిగేవారు మా ఇంట్లో లేరు.

మాస్టారు: ఆ మాట నిజం. అయితే పేరు పలకలో పేరు మాత్రమే ఉంటే చాలదని చెప్పడానికే నేను ద్రాక్షారామం దాకా వెళ్తాను, అడ్డు చెప్పకు.

అమ్మాయి: మీరు వెళ్ళండి, నేను వెనకే వస్తాను.

మాస్టారు: భీమేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా వందల శాసనాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అఖండ దీపాల దానాలు. ఫలానా శక సంవత్సరంలో, ఫలానా వ్యక్తి, తన తల్లిదండ్రుల పుణ్యం కోసం దేవుడికి దీపం ఇచ్చాడు అని ఉంటుంది. అంటే అవి కూడా ఒక రకంగా జ్ఞాపకార్థం పెట్టిన పలకలే. కానీ వాళ్ళు దీపం వెలిగించి పేరు చెక్కించుకుని వెళ్ళిపోలేదు. ఆ దీపానికి నెయ్యి ఎక్కడి నుంచి రావాలో ఆలోచించి ఆవులనో గొర్రెలనో ఇచ్చారు, వాటిని ఎవరి స్వాధీనం చేశారో, వారు రోజుకు ఎంత నెయ్యి కొలవాలో కూడా రాతి మీద రాయించారు. మన దాన శాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకం ఉంది: 'స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనమ్.' తాను ఇచ్చిన దానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం రెండింతల పుణ్యం. సప్తసంతానాల్లో కొడుకుతో సమానంగా వనాన్ని లెక్కించిన వారు మన పెద్దలు. కొడుకును కన్న రోజున పేరు పెట్టి వదిలేస్తామా?

అమ్మాయి: అంటే పార్కు పలక మీద నీళ్ళు పోసేవారి పేరు ఉండాలంటారా?

మాస్టారు: అవును, ఉండాలి. మన దగ్గర మొక్క నాటేది శ్రావణ భాద్రపదాల్లో. అప్పుడు నేలంతా తడి, ఫోటోలు తీసుకోవడానికి బాగుంటుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలను ఎండాకాలంలో కట్టేస్తారు. కాలువ పక్కనే ఉన్న పార్కు అయినా ఆ రోజుల్లో దానికి నీరు లేదు. నెర్రెలిచ్చిన మట్టిలో కొత్త వేళ్ళు గాలికి ఎండిపోతాయి. మొదటి మూడు ఎండాకాలాలు బిందెతోనో ట్యాంకరుతోనో నీళ్ళు పోసేవారు ఉంటేనే అది చెట్టవుతుంది. కాబట్టి కుటుంబం ఇచ్చే డబ్బులో మొక్క ఖరీదు కంటే ఆ మూడేళ్ళ నీటి ఖర్చు ఎక్కువ ఉండాలి, ఆ బాధ్యత ఎవరిదో పలక మీద ఒక వరుసలో ఉండాలి. అల్లుళ్ళ పేర్ల కంటే ఆ వరుస ముఖ్యం.

తమ్ముడు: మాస్టారూ, మధ్యలో మాట్లాడుతున్నందుకు క్షమించండి. రికార్డింగు చూస్తూ ఊరుకోలేకపోయాను. పలక మీద క్యూఆర్ కోడ్ పెడితే పదిహేడు పేర్లూ ఫోటోలూ అందులో ఉంచవచ్చు కదా. రాయి మీద రెండు మూడు వరుసలు చాలు.

మాస్టారు: పెట్టవచ్చు, కానీ ఆ పేజీని పదేళ్ళ తరవాత ఎవరు నడుపుతారో కూడా అదే రోజున తేల్చుకోవాలి. పార్కు గుమ్మం దగ్గర ఒక గోడ కట్టి అందరి పేర్లూ అక్కడ చెక్కించడం నాకు ఇంకా బాగుంటుందనిపిస్తుంది. న్యూయార్కు సెంట్రల్ పార్కులో చెట్ల కోసం విరాళమిచ్చిన వారి పేర్లు చెట్ల దగ్గర ఉండవు, ఒక బాట మీద పరిచిన రాతి పలకల్లో చెక్కి ఉంటాయి. చెట్టు చచ్చిపోయినా పేరు అనాథ కాదు. పైగా గోడ ఉంటే ఎవరూ మేకు పట్టుకుని చెట్టు దగ్గరకు వెళ్ళరు.

అమ్మాయి: చెట్టు చచ్చిపోయినా అన్నారు. (కాసేపు ఆగి) నేను ఇది ఇక్కడ చెబుదామనుకోలేదు. నాలుగేళ్ళ కిందట నాన్నగారి పేరున మేము కూడా ఒక పార్కులో పొగడ మొక్క నాటించాం. ఆ పార్కు ఏదో చెప్పను. మా అమ్మ పొగడే కావాలంది. ఆయన బడికి వెళ్ళేటప్పుడు దారిలో రాలిన పొగడపూలు ఏరి జేబులో వేసుకుని వచ్చేవారు, అవి వాడిపోయినా వాసన పోదు. నల్ల గ్రానైటు పలక చేయించాం, మీరు అంటున్న చెట్టు పేరు కూడా దాని మీద ఉంది. రెండో ఎండాకాలంలో మేము వెళ్ళేసరికి మొక్క లేదు, గుంత చుట్టూ మట్టి చదునుగా ఉంది. పలక మాత్రం నిన్న పెట్టినట్టు మెరుస్తోంది. మా అమ్మ ఆ పలక మీద దుమ్ము చీరకొంగుతో తుడిచి, దాని పక్కన కాసేపు కూర్చుని లేచింది. ఇంకో మొక్క పెట్టండని అడిగితే, పథకం అయిపోయింది, మళ్ళీ డబ్బు కట్టాలి అన్నారు. పలక తీసుకువెళతామంటే, అది ఇప్పుడు పార్కు ఆస్తి అన్నారు.

మాస్టారు: నాకు ఈ సంగతి చెప్పలేదేం, అమ్మా?

అమ్మాయి: చెప్పడానికి మాట రాలేదండి. మీ గోడ మంచి ఆలోచనే. కానీ మా అమ్మ గోడ దగ్గరకు వెళ్ళదు. ఆమెకు ఒక మొదలు కావాలి, దాని పక్కన ఆయన పేరు కావాలి. కాబట్టి వారికి రాసే జవాబులో నేను ఒక్క షరతు కచ్చితంగా రాస్తాను. మొక్క చనిపోతే మళ్ళీ నాటే బాధ్యత ఎవరిది, ఎన్ని నెలల్లోపు నాటాలి, అప్పటిదాకా పలకను ఏమి చేయాలి అన్నవి ముందుగా కాగితం మీద పెట్టి, కుటుంబానికి ఒక ప్రతి ఇవ్వాలి. ఖాళీ గుంత పక్కన పేరు నిలబడి ఉండకూడదు. అది చూడలేమండి.

మాస్టారు: ఆ షరతు మొదట రాయి. పాఠం సంగతికి వస్తే, నేను ఒక మెట్టు దిగుతాను. పేరు మొదటి వరుసలోనే ఉండనీ. చెట్టు పేరు రెండో వరుసలో, అవే అక్షరాల పరిమాణంలో ఉండాలి. మూడో వరుసలో నాటిన నెల, ఏడు, నీళ్ళ బాధ్యత ఎవరిదన్నది ఉండాలి. ఫోటో వద్దు, బిరుదులు వద్దు.

అమ్మాయి: బిరుదులు వద్దంటే ఒప్పుకుంటాను. ఫోటో విషయంలో కుటుంబాలు ఒప్పుకోవు. మా అమ్మ కూడా ఒప్పుకోలేదు.

మాస్టారు: ఎండకు ఆ ముఖం ఏమవుతుందో వారికి చూపించమను. కావాలంటే నా వేపచెట్టు దగ్గరకు తీసుకువస్తాను.

తమ్ముడు: మాస్టారూ, నలభై నిమిషాలు దాటింది.

మాస్టారు: అక్షరం ఎంత ఎత్తు ఉండాలో మనం అసలు చెప్పనేలేదు. బాట మీద నుంచి చదవాలంటే వేలి గోరంత కంటే తక్కువ ఉండకూడదు, ఒత్తులు విరిగిపోకుండా లోతుగా చెక్కించాలి. అమ్మా, ఉత్తరం నువ్వు రాస్తావా?

అమ్మాయి: ఈ రాత్రికే రాస్తానండి. మేకుల మాట ఎక్కడ పెట్టమంటారు?

మాస్టారు: నీ షరతు కింద, రెండోదిగా పెట్టు. తీగ గురించి కూడా రాయి.