బస్తా అడుగున

(హనుమకొండలో ఫార్మసీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని అధ్యాపకులకు, వెనక వరుసల్లో కూర్చుని ఇప్పటికే ఫోన్లు తీసిన పిల్లలకు నమస్కారం.

పరిచయం చేసిన అమ్మాయి నన్ను శాస్త్రవేత్త అన్నది. కాదమ్మా. ఆకులు, వేర్లు, కాయల నుంచి సారం తీసే కర్మాగారాల్లో 34 ఏళ్ళు నాణ్యత పరీక్షించాను. సరుకు వస్తే చూసి, బాగుందనో బాగాలేదనో రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. శాలువా కప్పారు, సంతోషం. ఇలాంటివి మా ఇంట్లో పద్నాలుగు ఉన్నాయి. వచ్చే ఏడాది ఆ డబ్బుతో మీ ల్యాబ్‌కు రెండు మంచి జల్లెళ్ళు కొనండి. జల్లెళ్ళు ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నాకిచ్చిన అంశం ‘వృక్ష సారాల తయారీలో నాణ్యతా నియంత్రణ’. 42 స్లైడ్లు సిద్ధం చేసుకుని వచ్చాను. ప్రిన్సిపాల్ గారు అరగంట అన్నారు. సమయం మిగిలితే స్లైడ్లు చూపిస్తాను.

సారం అంటే మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మన ఇళ్ళలో కాచే కషాయం కూడా సారమే. కర్మాగారంలో నీళ్ళకు బదులు ఆల్కహాలో, ఎసిటోనో, ఇథైల్ ఎసిటేటో, హెక్సేనో వాడతారు. ఆకులోంచి పనికొచ్చేదాన్ని అందులోకి దించి, ద్రావణిని ఆవిరి చేసి, మిగిలినదాన్ని డ్రమ్ముల్లో నింపుతారు. డ్రమ్ము మీద ‘10:1’ అని రాస్తారు. పది కిలోల ఆకు ఒక కిలో సారమైందని అర్థం. కొనేవాడు పదింతలు మంచిదనుకుంటాడు. పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆకులో మంచి ఒక్కటే ఉంటుందా? మిర్చి మీద కొట్టిన పురుగుమందు నూనెలో కరిగేదైతే అది కూడా హెక్సేన్ వెంట దిగుతుంది, అది కూడా చిక్కబడుతుంది. ఇక మిగిలిపోయిన హెక్సేన్ సంగతి. మందుల్లో అది 290 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 290 పాళ్ళు, దాటకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం. ఆ సంఖ్యను మీరు పరీక్షకు బట్టీ పడతారు. మంచిదే, పట్టండి.

మీలో ఎంతమంది ఇంట్లో మిర్చి వేస్తారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు లేచింది. వరంగల్‌లో ఈ ప్రశ్న వేస్తే ఎప్పుడూ ఇంతే. ఎనుమాముల మార్కెట్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తుమ్మకుండా నడిచిన మనిషిని నేను చూడలేదు. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని కూడా అంటారు కదా, లావుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ. సారం తీసేవాళ్ళకు దాని రంగంటే ప్రాణం. కారాన్ని స్కోవిల్ లెక్కలోనూ, రంగును ఆస్టా లెక్కలోనూ కొలుస్తారు. ఆస్టా అంకెను బట్టే ధర.

అంకెకు ధర కట్టిన చోట అంకెను పెంచేవాడు పుట్టుకొస్తాడు. 2003లో మన దేశం నుంచి ఫ్రాన్సుకు వెళ్ళిన కారంలో సూడాన్-1 దొరికింది. మైనానికీ బూటు పాలిష్‌కూ వేసే రంగు అది. 2005లో బ్రిటన్‌లో అలాంటి కారం ఒక సాసులో చేరి, ఆ సాసు ఇంకెన్నో వంటకాల్లో చేరి, వందల రకాల సరుకును దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. నన్ను అడిగితే అందులో యంత్రం తప్పేమీ లేదు. ఎరుపు ఎంత ఉందని అడిగారు, ఇంత ఉందని చెప్పింది. ఆ ఎరుపు మిరపకాయదేనా అని ఎవరూ అడగలేదు.

పసుపుదీ అదే దారి. పసుపుకు ఆ రంగునిచ్చేది కర్కుమిన్. నిజామాబాద్, జగిత్యాల పసుపు నుంచి తీసిన కర్కుమిన్‌కూ, ల్యాబ్‌లో రసాయనాలతో చేసిన కర్కుమిన్‌కూ హెచ్‌పీఎల్‌సీలో, అంటే సరుకులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం గీసే గీతలో, ఒకే చోట శిఖరం వస్తుంది. చెట్టు సరుకులో కర్కుమిన్ వెంట ఇద్దరు తోబుట్టువులు కూడా కనిపిస్తారు, అది ఒక ఆనవాలు. తెలివైన మోసగాడు చెట్టు సరుకునూ ల్యాబ్ సరుకునూ కలిపితే కార్బన్-14 దాకా వెళ్ళాలి. పెట్రోలియం నుంచి వచ్చినదానిలో ఆ కార్బన్ ఉండదు. పురావస్తు శాఖ వాళ్ళు ఎముకల వయసు కట్టే పద్ధతితో మనం పసుపు వయసు కట్టాలన్నమాట. నవ్వకండి, నిజంగా జరిగే పనే.

ఇవన్నీ పెద్ద పెద్ద దొంగతనాలు. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది వీటి గురించి కాదు. ఏ దొంగా లేకుండానే జరిగిన ఒక నష్టం గురించి. అంశంలో ఇమడకపోయినా చెబుతాను, ప్రిన్సిపాల్ గారు మన్నించాలి.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. కర్మాగారం పేరు అవసరం లేదు, సంతకం నాది. కార్తీకంలో ములుగు వైపు నుంచి ఎండబెట్టిన నేలవేము లారీలో వచ్చింది. 84 బస్తాలు. కొన్ని ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి పండించి, పూత మొదలయ్యే వేళకు కోసి, నీడన ఆరబెట్టి పంపారు. నేలవేము చేదు మీకు తెలుసు. ఆ చేదులో ముఖ్యమైన పదార్థం ఆండ్రోగ్రఫోలైడ్. అది ఆకులో ఎక్కువ, కాడలో తక్కువ. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఒకటుంది. అయిదు బస్తాల వరకు అన్నింటి నుంచీ నమూనా తీయాలి, ఆరు నుంచి 50 దాకా అయిదింటి నుంచి, 50 దాటితే పదోవంతు. 84ను 90 అనుకుంటే తొమ్మిది బస్తాలు. నేను తొమ్మిదే విప్పాను. లెక్క తప్పలేదు. అయితే ప్రతి బస్తాలోనూ పైన, నడుమ, అడుగున తీయాలని కూడా ఆ లెక్కలోనే ఉంది. భోజనం వేళ అయింది. బస్తా మూతి విప్పి, చేతికందిన గుప్పెడు తీశాను. దుమ్ముగా ఉంటే దులిపి మరీ సంచిలో వేశాను. ఆ దులపడం నాకు ఇప్పటికీ అరచేతిలో ఉంది.

పరీక్షలో ఆండ్రోగ్రఫోలైడ్ మా కనీస హద్దులో సగం కూడా రాలేదు. ‘కాడలు కలిపిన సరుకు, తిరస్కరించడమైనది’ అని రాశాను. కాడలు కలిపారని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. రాసేశాను. బస్తాలకు ఎర్ర చీటీలు కట్టి, గోదాములో చోటు లేదని చూరు కింద పేర్చారు.

నాలుగో రోజు ఒకామె వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. గేటు దగ్గర పొద్దుటి నుంచి కూర్చుంటే మధ్యాహ్నం లోపలికి పంపారు. “మేము కాడలు కలపలేదు సార్” అన్నది. యంత్రం చెప్పిందమ్మా అన్నాను. చూడండి, ఎంత సులువుగా అన్నానో! ఆమె యంత్రాన్ని చూపించమని అడగలేదు. బస్తా చూపించమన్నది. చూరు కిందకు తీసుకెళ్ళాను. మూతి విప్పి భుజం దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి పిడికిలి నిండా తీసింది. పచ్చని పొడి, ఆకు నలిగిన నూక. కొంచెం నా అరచేతిలో పోసి నోట్లో వేసుకోమన్నది. వేసుకున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆ చేదు పోలేదు.

“ఆకంతా కిందకు దిగింది సార్. అంత దూరం లారీ కుదుపులకు ఎండిన ఆకు కాడను పట్టుకుని ఉంటుందా?” అన్నది.

నేను దుమ్మనుకుని దులిపింది ఆకు. మందంతా అందులోనే ఉంది. మట్టి అనుమానం ఉంటే బూడిద పరీక్ష ఉండనే ఉంది. కాల్చిన బూడిదను ఆమ్లంలో మరిగిస్తే ఇసుక కరగకుండా మిగులుతుంది, ఎంత మట్టి ఉందో తేలిపోతుంది. ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, ఆ పరీక్ష నాకు తెలియదా? తెలుసు. చేయలేదు.

ఆ సాయంత్రమే తొమ్మిది బస్తాలను గుడ్డ పరిచి పూర్తిగా కుమ్మరించాను. కాడలను ముక్కలు చేసి, నూకను జల్లెడ పట్టి, మట్టిని వేరు చేసి, మళ్ళీ అన్నీ వాటి పాళ్ళలో కలిపాను. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు ఉంచుకుంటూ, చివరికి చిన్న నమూనాకు దిగాను. సరుకు హద్దు దాటి నిలిచింది. మట్టి కూడా ఉండాల్సిన దానికంటే తక్కువే. రెండో నివేదిక రాసి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఒకసారి తిరస్కరించిన సరుకును మళ్ళీ తీసుకోవాలంటే పై ఆఫీసు అనుమతి కావాలన్నారు. నియమం సరైనదే, నేనూ కాదనను. ఉత్తరం వెళ్ళింది. ఉత్తరం వెళ్ళిన మూడో రోజున అకాల వర్షం పట్టింది, రెండు రాత్రులు వదలలేదు.

చూరు కింద బస్తాలు ఏమవుతాయి? మీ ఇళ్ళలో మిర్చి కల్లాల మీద టార్పాలిన్ కప్పడానికి అర్ధరాత్రి పరుగెత్తినవాళ్ళు మీలో ఉన్నారు, మీకు చెప్పాలా? అనుమతి వచ్చేసరికి బస్తాలు విప్పితే బూజు వాసన. తేమ 12 శాతం దాటితే బూజును పిలిచినట్లే, ఇక్కడ దానికి రెండింతలకు పైగా ఉంది. కొన్ని బూజుల వెంట అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, అది కాలేయాన్ని తింటుంది. మందులోకి ఆ సరుకును పంపలేను. మూడో నివేదిక రాశాను, తిరస్కరించాను. ఈసారి నా మాటే సరైనది.

ఒకే సరుకుకు మూడు నివేదికలు. మూడింటి కిందా నా సంతకమే. ఆ ఊళ్ళకు ఒక్క రూపాయి వెళ్ళలేదు. లారీ కిరాయి కూడా వాళ్ళ మీదే పడింది. రిజర్వు నమూనా అని ఒకటి దాచాలి కదా, ఎప్పుడైనా వివాదం వస్తే తీసి చూడడానికి. అది తీసి చూపిద్దామనుకున్నాను. దాంట్లోనూ నేను మొదటి రోజు దులిపి దాచిన కాడలే ఉన్నాయి. మరుసటి ఏడు ఆ వైపు నుంచి నేలవేము రాలేదు. పత్తి వేశారని విన్నాను.

ఇంటర్వ్యూలో మిమ్మల్ని హెచ్‌పీఎల్‌సీ తెలుసా అని అడుగుతారు. కాలమ్ పేరు, తరంగ దైర్ఘ్యం, ప్రవాహ వేగం అన్నీ గడగడా చెబుతారు. ఇన్నేళ్ళలో నేను వందల మందిని ఇంటర్వ్యూ చేశాను. బస్తా ఎలా విప్పుతావు అని నేను అడిగితే తలలు దించుకునేవారు. ఆ యంత్రంలోకి ఎక్కించేది 20 మైక్రోలీటర్లు. చుక్కలో సగం కూడా ఉండదు. 84 బస్తాల తరఫున ఆ సగం చుక్క సాక్ష్యం చెప్పాలి. సాక్షిని ఎంచుకున్నది ఎవరు? భోజనానికి తొందరపడుతున్న ఒక కుర్రవాడు. అయ్యా, అధ్యాపకులారా, మీ పాఠ్యక్రమంలో నమూనా సేకరణకు ఎన్ని గంటలు? నేను చదివినప్పుడు ఒక పేజీ ఉండేది. ఆ పేజీ కూడా పరీక్షలో రాదని వదిలేశాం.

టైము అయిందని చీటీ పంపారు. చూశాను, రెండో చీటీ కూడా చూశాను. స్లైడ్లు ఈ పూటకు వద్దు, పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళతాను, చూసుకోండి.

ఆ తెర పక్కన ఒక గోనె బస్తా ఉంది. ఇందాకటి నుంచి మీరు దాన్ని అలంకరణ వాళ్ళు మరిచిపోయారనుకుంటున్నారు. నేనే తెచ్చాను. నేలవేమే. పొద్దున ఆటోలో, గుంతలున్న దారి చూసి మరీ తీసుకొచ్చాను. వెనక వరుసలో ఫోను పట్టుకున్న నీలం చొక్కా బాబూ, నువ్వు రా. పక్కనున్న అమ్మాయీ, నువ్వు కూడా రామ్మా. ముందు వాచీ తీసేయి. మూతి దగ్గర కాదు బాబూ, చెయ్యి లోపలికి పోనీ, ఇంకా, భుజం దాకా. ఎవరైనా ఒక పాత దుప్పటి తెండి, కింద పరవాలి. లేకపోతే ఈ శాలువా ఉంది కదా, ఇదే పరవండి.