దమ్ములో దున్న కాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

ఏటా సంక్రాంతి నాటికి మా కోనసీమ ఇళ్ళ గోడలకి కొత్త క్యాలెండర్లు వస్తాయి. చాలావాటి మీద ఒకటే బొమ్మ. తెల్లటి ఎడ్ల జత, మెడలో గంటలు, కొమ్ములకి రంగులు, వెనక కొబ్బరిచెట్లు. ఆ ఎడ్ల ఒంటి మీద బురద చుక్క ఉండదు. డ్రాయింగు మాస్టారిగా నేనూ అలాంటివి బోలెడు గీశాను, పిల్లల చేత గీయించాను కూడా.

ఫ్రాన్సులో రోసా బోనర్ అనే చిత్రకారిణి ఉండేవారు. 1849లో ఆవిడ నివెర్నే అనే ప్రాంతంలో పొలం దున్నడాన్ని నూనెరంగుల్లో వేశారు. అప్పటికి మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని ఇంకా నడుస్తోంది. రెండున్నర మీటర్లు దాటిన ఆ పటం ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. రేడియోలో చూపించలేను, ఊహించుకోండి. చలికాలం రాకముందు తొలి దుక్కి. రెండు నాగళ్ళు, ఒక్కోదానికి ఆరేసి ఎడ్లు. ముందు భాగమంతా తిరగబడిన మట్టిపెళ్ళలు. తోలే మనుషులు ఉన్నారు గానీ ఎడ్ల పక్కన వాళ్ళు ఆనరు. మధ్యలో ఒక ఎద్దు మాత్రం సూటిగా మన వంకే చూస్తుంది.

ఆ ఎద్దు కంట్లో అంత ప్రాణం ఊరికే రాలేదు. బోనర్ కబేళాలకు వెళ్ళి కండలూ ఎముకలూ చూసి గీసుకున్న మనిషి. గుర్రాల సంతకి మగవాళ్ళ బట్టల్లో వెళ్ళేవారు. ఆ రోజుల్లో పారిస్‌లో ఆడవాళ్ళు ప్యాంటు తొడుక్కోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలి. దాన్ని ఆర్నెల్లకోసారి రెన్యువల్ కూడా చేయించుకోవాలి!

అదే కాలపు మరో చిత్రకారుడు మిలే. 1857లో ఆయన వేసిన పటంలో ముగ్గురు ఆడవాళ్ళు కోసిన చేలో వంగి రాలిన కంకులు ఏరుకుంటుంటారు. ఆ పటాన్ని మనకు ఎవరూ వివరించక్కర్లేదు. మనం పరిగె అంటామే, అదే. చిన్నప్పుడు మేమూ పరిగె ఏరి, ఆ గింజలు కొట్లో పోసి జీళ్ళు కొనుక్కున్నవాళ్ళమే. కాకపోతే మాది సరదా, ఆ ముగ్గురిదీ ఆకలి. దూరంగా గుర్రం మీద అజమాయిషీ చేసేవాడూ, పెద్ద పెద్ద కుప్పలూ కనిపిస్తాయి. పారిస్ పెద్దమనుషులకు అప్పట్లో ఆ పటం మింగుడుపడలేదు.

సరే, మళ్ళీ ఎడ్ల దగ్గరికొస్తాను. బోనర్ పటం అచ్చుకాపీ ఒకటి సంపాదించి, మా ఊళ్ళో జీవితమంతా అరక తోలిన ఒక పెద్దాయనకి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఆయ్, వీటికి మూపురాలేవండి మాస్టారూ?"

"ఆ దేశపు ఎడ్లకి ఉండవు బాబాయ్."

"అలాగాండి. లాగుడు మాత్రం నిజమేనండి. ఎక్కడ బరువు పడుతుందో అక్కడే కండ లేచింది." కాసేపాగి నా వంక చూశాడు. "మరి మీరు గీసేవాటిల్లో దున్నపోతు ఉండదేంటండి?"

నా దగ్గర జవాబు లేదు. డెల్టాలో సార్వాకి, అంటే తొలకరి వరికి, కాలవ నీళ్ళు వదిలాక దమ్ము చేసింది, అంటే నీళ్ళు నిలిపిన చేను బురదగా దున్నింది, ఎక్కువగా దున్నపోతులే. వెడల్పాటి గిట్టలు, బురదన్నా నీళ్ళన్నా జంకు లేదు. ఎండ మాత్రం పడదు. అందుకే చీకటితోనే కాడి కట్టేవారు. పొద్దెక్కితే తిన్నగా కాలవలోకి పోయి పడుకునేది. ఇంత చేసినా క్యాలెండరుకి ఎక్కింది తెల్లెద్దు. దున్నకి దక్కింది యముడి వాహనమన్న పేరు, అదీ చాలక మన తిట్లు. ఇనప చక్రాల ట్రాక్టర్లు వచ్చాక దమ్ములో దున్న అసలే కనపడ్డం లేదు.

ఆ వారమే గీయడం మొదలుపెట్టాను. వెనక్కి వాలిన కొమ్ములు, నల్లటి చర్మం మీద తడి మెరుపు, కాడి ఒరుసుకుని కాయకాచిన మెడ. కాళ్ళ దగ్గర మరీ కష్టపడ్డాను. ఒక్కో గిట్ట చీలికా విడిగా కనపడేలా తీర్చిదిద్దాను. పట్టుకెళ్ళి పెద్దాయనకి చూపించాను.

"మెడ బాగుందండి," అన్నాడు. "కాళ్ళే ఎక్కువయ్యాయి. దమ్ములో దున్నకి గిట్టలు కనపడతాయాండి? మోకాళ్ళదాకా బురదే కదండి."

అక్కడే అరుగు మీద కూర్చుని నాలుగు గిట్టలూ చెరిపేశాను.