కొవ్వును మింగే కణాలే గుండె నాళానికి చేటు ఎలా తెస్తాయి?

[తెర మీద: కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ల్యాబుల వీధి. ఒకరి చేతిలో లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు.]

నమస్కారమండీ. ఈ వీధిలో కాసేపు నిలబడితే చాలు, "ఎల్‌డీఎల్ ఎక్కువుందంట, నరాల్లో కొవ్వు పట్టిందంట" అనే మాట వినబడుతుంది. ఎల్‌డీఎల్ అంటే మనం చెడ్డ కొలెస్ట్రాల్ అనేది. పైపులో పాచి పట్టినట్టు అనుకుంటాం. నిజానికి ఆ కొవ్వు చేరేది నాళం గోడ లోపల. దాన్ని మింగి అక్కడే ఇరుక్కుపోయేవి మన రక్షణ కణాలు.

[యానిమేషన్: గోడలోకి దూరుతున్న ఎల్‌డీఎల్, దాని వెనకే మోనోసైట్లు.]

గోడలో చిక్కిన ఎల్‌డీఎల్ ఆక్సీకరణ చెంది పాడవుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వచ్చి, చెత్తను మింగే మాక్రోఫేజ్‌లుగా మారతాయి. ఇక్కడే అసలు చిక్కు. మామూలు కణం తనకు సరిపడా కొలెస్ట్రాల్ అందగానే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలను తగ్గించుకుంటుంది. కొలెస్ట్రాల్ మీద ఈ అదుపును తేల్చిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. మాక్రోఫేజ్ మాత్రం పాడైన ఎల్‌డీఎల్‌ను సీడీ36 లాంటి వేరే గ్రాహకాలతో మింగుతుంది. వాటికి ఆ అదుపు లేదు. కడుపు నిండినా మింగుతూనే ఉంటుంది.

[క్లోజప్: ఒకే ఒక్క కణం, నిండా కొవ్వు బొట్లు.]

మైక్రోస్కోపులో నురగలా కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఫోమ్ సెల్ అంటారు. ఏబీసీఏ1 అనే ప్రొటీన్ కొంత కొలెస్ట్రాల్‌ను బయటికి తోసి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌కు చేరుస్తుంది. వచ్చేది ఎక్కువైతే అదీ చాలదు. మిగిలింది గట్టిపడి స్ఫటికాలవుతుంది. ఆ స్ఫటికాలు కణం లోపలి సంచులను చీల్చి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే అలారాన్ని మోగిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సంకేత ప్రొటీన్ విడుదలై మరిన్ని కణాలను పిలుస్తుంది. వాపు (ఇన్‌ఫ్లమేషన్) పెరుగుతుంది, చచ్చిన కణాలు పోగుపడతాయి, ఆ కొవ్వు ముద్ద పైపొర పల్చబడుతుంది. అది చిట్లితే అక్కడే రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది.

[తెర మీద: 2017]

గుండెపోటు వచ్చిన 10 వేల మందికి పైగా రోగులపై జరిగిన కాంటోస్ పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఆపే మందు ఇచ్చారు. ఎల్‌డీఎల్ తగ్గలేదు. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. నా దృష్టిలో ఇది చాలా పెద్ద విషయం. కాకపోతే ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంత పెరిగాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడటానికి వాపు కూడా మనకు అవసరమే మరి.

అందుకే దయచేసి, రిపోర్టు నార్మల్ వచ్చిందని స్టాటిన్ మాత్ర మీరే ఆపేయకండి. అది ఎల్‌డీఎల్‌తో పాటు వాపునూ తగ్గిస్తుంది. ఒంట్లో వాపును చూపే హెచ్‌ఎస్-సీఆర్‌పీ రక్తపరీక్ష అవసరమా అని మీ డాక్టరుగారిని అడగండి. జలుబో జ్వరమో ఉంటే తగ్గాకే చేయించుకోండి, లేకపోతే ఆ అంకె ఎక్కువగా వస్తుంది.