మంచాలు పెరిగాయి సరే, నైట్ డ్యూటీలో ఎవరున్నారు?

యాంకర్: సర్కారు దవాఖానల్లో పడకల లెక్కతో మొదలుపెడదాం. మేడమ్, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాం?

ప్రజారోగ్య పరిశోధకురాలు: ఆరోగ్య వ్యవస్థపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి బ్రిటిష్ ఇండియాలో వెయ్యి మందికి పావు మంచం కూడా లేదు. లెక్క 0.24. పదేళ్లలో దాన్ని ఒకటి దాటించాలని ఆ కమిటీ కోరింది. సర్కారు దవాఖానలకు కేంద్రం పెట్టిన 2022 ఐపీహెచ్‌ఎస్ ప్రమాణాల్లో మనం ఏం రాసుకున్నాం? వెయ్యికి కనీసం ఒకటి ఉండాలని! అప్పుడు పదేళ్లలో అందుకోవాలనుకున్నది ఇప్పటికీ మనకు కనీస లక్ష్యమే.

విశ్రాంత సూపరింటెండెంట్: మన రెండు రాష్ట్రాల్లో ఈ మధ్య వేగం పెరిగింది, అది ఒప్పుకోవాలి. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఏపీలో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఒకేసారి ఐదు తెరిచారు. కాలేజీ రావాలంటే పడకలు చూపించాలి కాబట్టి జిల్లా ఆస్పత్రుల్లో మంచాలు పెరిగాయి.

యాంకర్: ఇంగ్లండ్‌లో పడకలు తగ్గించుకుంటూ పోయారు కదా?

పరిశోధకురాలు: అవును. 1987-88లో అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో దాదాపు 3 లక్షల పడకలు ఉండేవి, 2019-20 నాటికి సుమారు 1.41 లక్షలయ్యాయి. ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపడం పెరిగింది, మానసిక రోగులకు ఆస్పత్రి బయట వైద్యం పెరిగింది. అయినా చలికాలం వస్తే అక్కడా మంచం దొరకదు. అసలే తక్కువున్న మనం ఆ దారి పట్టలేం.

యాంకర్: సిస్టర్, వార్డులో ఎలా ఉంటుంది?

హెడ్ నర్సు: ఒక్క వార్డు లెక్క చెబుతాను సార్. బోధనాసుపత్రిలో మూడు మంచాలకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. 30 మంచాల వార్డుకు పదిమంది. వినడానికి చాలామందే అనిపిస్తుంది. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు ముగ్గురే. సెలవులు, వీక్లీ ఆఫ్‌ల కోసం ఇంకో 30 శాతం ఇవ్వాలి, అంటే మొత్తం 13 మంది. ఆ అదనపు ముగ్గురిని తీసేస్తారు. మిగిలినవాళ్లలో ఒకరిని డెప్యుటేషన్ అంటారు, ఇంకొకరు ప్రసూతి సెలవులో ఉంటారు. సెలవులు, ఆఫ్‌లూ వీళ్లలోంచే పోతే రాత్రి వార్డు మొత్తానికి ఒక్కరే మిగులుతారు. పైగా మంచాలు 30 అయినా, కింద పడుకున్నవాళ్లను లెక్కపెట్టరు. ఒకరికి సెలైన్ మార్చేలోపు ఇంకొకరికి ఆయాసం మొదలైతే ఆ అమ్మాయి ఎటు పరిగెత్తాలి? ఆ టెన్షన్ మీకెలా చెప్పను?

యాంకర్: 2024 జనవరిలో ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు కదా?

హెడ్ నర్సు: చాలా సంతోషించాం. కానీ కొత్త కాలేజీలన్నిటికీ వాళ్లే కావాలి, పాత వార్డులకూ వాళ్లే కావాలి. పక్కపక్కనే ఒకే డ్యూటీ చేసే కాంట్రాక్ట్ అమ్మాయికి జీతం తక్కువ. వేరే ఉద్యోగం దొరికితే ఆమె ఎందుకుంటుంది?

సూపరింటెండెంట్: డాక్టర్ల విషయంలోనూ అంతే. పోస్టు మంజూరు చేస్తే సరిపోదు. మత్తు డాక్టర్ లేకపోతే థియేటర్ తాళం తీసినా లాభం లేదు.

యాంకర్: అయితే ఏం అడుగుతారు?

పరిశోధకురాలు: మంజూరైన పడకల సంఖ్య కాదు, రాత్రి షిఫ్టులో నర్సు ఉన్న పడకలెన్నో ప్రతి ఆస్పత్రీ నెలనెలా బయటపెట్టాలి. బడ్జెట్ దాన్ని బట్టే ఇవ్వాలి.

హెడ్ నర్సు: ఆ లెక్కలో నేల మీదున్న పేషెంట్లనూ కలపండి మేడమ్.