పక్కోళ్ల నీళ్లు మనకెందుకు పనికిరావు?

అధ్యక్షులవారికి, చంద్రపూర్ తెలుగు సమాజం పెద్దలకు, తాడాళి, ఘుగ్గుస్ నుంచి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన తమ్ముళ్లకు నమస్కారం. ఇంజినీర్స్ డే కదా, విశ్వేశ్వరయ్య గారి గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. మూసీ వరదల తర్వాత ఆయన హైదరాబాద్‌కు జలాశయాలతో పాటు మురుగు కాలువల ప్లాన్ కూడా ఇచ్చారు. జలాశయాల సంగతి అందరికీ గుర్తుంది, కాలువల సంగతి ఎవరూ ఎత్తరు. నేను ఆ కాలువల వైపు మనిషిని, ఉద్యోగమంతా ఈటీపీలో, అంటే ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటులోనే గడిచింది. ఆయనకు దండం పెట్టి నా గోడు చెప్పుకుంటాను.

మా ఫ్యాక్టరీ పేరు చెప్పను, ఇక్కడ సగం మందికి తెలుసు. శుద్ధి చేసిన నీళ్లు కాలువలోకి వదిలేవాళ్లం. నీళ్లలో మిగిలిన మురికిని చెప్పే కొలతలు రెండు, బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 దాటకూడదని రూలు, దాటనిచ్చేవాళ్లం కాదు. ఆ కాలువ పోయి నదిలో కలిసేది. కొంచెం దిగువన పక్క ఫ్యాక్టరీ వాళ్లు పంపు పెట్టి అదే నదిలోంచి తోడుకునేవాళ్లు! గోడకు ఇటు మేం కరెంటు కాల్చి శుద్ధి చేసి పారబోయడం, అటు వాళ్లు కరెంటు కాల్చి తోడుకోవడం. మధ్యలో ఒక పైపు వేద్దామని కాగితం పెట్టాను. ఫైలు పైకి పోయింది, మళ్లీ కిందికి రాలేదు.

పక్క ఫ్యాక్టరీలో యంత్రాల వేడి నీళ్లను చల్లార్చే కూలింగ్ టవర్ చూసే మంచిర్యాల అబ్బాయిని అడిగితే, "అన్నా, మీ నీళ్లు తీసుకుని రేపు ట్యూబులకు తూట్లు పడితే ఎవరి జీతం కోస్తారు, నీదా నాదా?" అన్నాడు. అన్యాయంగా ఏమీ అనలేదు. కూలింగ్ టవర్‌లో నీళ్లు ఆవిరైపోతుంటే ఉప్పు మిగిలి చిక్కబడుతుంది, క్లోరైడ్ ఎక్కువైతే స్టీలుకు, అమ్మోనియా ఎక్కువైతే రాగి కలిసిన ట్యూబులకు ముప్పు. సరే, టవర్‌లో పోయొద్దు, బాయిలర్ జోలికే పోవద్దు. బొగ్గు రోడ్ల మీద దుమ్ము అణచడానికి, బూడిద కలిపి పంపడానికి, నేల కడగడానికి తాగే నీళ్లంత మంచి నీళ్లెందుకయ్యా? ఘుగ్గుస్ రోడ్డు మీద బండి నడిపినవాళ్లు చెప్పండి!

2010 ఎండాకాలం గుర్తుందా? మన థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే ఎరై డ్యామ్‌లో నీళ్లు అడుగంటి థర్మల్ యూనిట్లు ఆపాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 2009లో, కేంద్ర కాలుష్య మండలి లెక్కలో మన చంద్రపూర్‌కు 83.88 వచ్చింది, కాలుష్యంలో దేశంలో నాలుగో స్థానం. ఈ పరీక్షలో మార్కులు ఎక్కువొస్తే సంతోషించకూడదు మరి. అటు నీళ్ల కరువు, ఇటు మురికి, రెండూ ఒకే ఊళ్లో.

పక్కనే నాగపూర్ చూడండి. ఊరి మురుగును శుద్ధి చేసి కొరాడి థర్మల్‌కు పంపుతున్నారు, ఆ ప్లాంటు సామర్థ్యం రోజుకు 13 కోట్ల లీటర్లు. 50 కిలోమీటర్లలోపు మురుగు శుద్ధి ప్లాంటుంటే థర్మల్ కేంద్రాలు ఆ నీళ్లే వాడాలని 2016 టారిఫ్ పాలసీలో రాశారు కూడా. అది ఊరి నీళ్ల సంగతి. ఫ్యాక్టరీ నుంచి ఫ్యాక్టరీకి ఇవ్వడం కష్టమంటారు, ఒక్కో చోట ఒక్కో రసాయనం కాబట్టి. ఒప్పుకుంటాను. కానీ డెన్మార్క్‌లో కాలుండ్‌బోర్గ్ అనే చిన్న ఊళ్లో రిఫైనరీ తన శుద్ధి చేసిన నీళ్లను కరెంటు ప్లాంటుకు ఇచ్చింది, 1990ల మొదట్లోనే!

సెక్రటరీ గారూ, చీటీ అందింది, ఇంకో రెండు నిమిషాలు. మనం వదిలింది వార్ధాలోకి పోతుంది, అక్కడి నుంచి ప్రాణహిత, కాళేశ్వరం దగ్గర గోదావరి. పుష్కరాలకు పోయి మునిగేది మళ్లీ మనమే!

పైపు ఖర్చు గురించి అందరూ మాట్లాడతారు, ఒప్పందం గురించి ఎవరూ మాట్లాడరు. ఇచ్చేవాళ్లు షట్‌డౌన్ తీసుకుంటే తీసుకునేవాళ్లు ఏం చేయాలి? దానికి మధ్యలో నిల్వ చెరువు కావాలి. రీడింగ్ తేడా వస్తే వాల్వు ఎవరు మూస్తారు, ఆ రోజు నష్టం ఎవరిది? ఆర్‌ఓ పెడితే మిగిలే ఉప్పునీళ్లు ఎవరి నెత్తిన? ఇవన్నీ ముందే రాసుకుంటే ఆ మంచిర్యాల అబ్బాయి జీతానికి భయముండేది కాదు.

ఈటీపీల్లో, నీళ్లూ ఆవిరీ చూసే యుటిలిటీస్‌లో చేసేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఆ మూలనున్న ఇద్దరూ, మీ ఫ్యాక్టరీల గోడలు ఆనుకునే ఉన్నాయి కదా? భోజనాల్లో ఒకే బల్ల దగ్గర కూర్చోండి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం, క్లోరైడ్, సిలికా, ఎండాకాలం రీడింగులు చెరో కాగితం మీద రాయండి. యజమానుల సంగతి తర్వాత చూద్దాం, నేనూ కళ్లజోడు తీసుకుని అక్కడికే వస్తున్నా.